భండారు అచ్చమాంబ – సమాజసేవ

ఇబ్రహీంపట్నం నుండి సాగర్ రహదారి వెంట నగరానికి వెళ్ళే విద్యార్థులలో కొందరైనా సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయల పేరిట ఉన్న గ్రంథాలయాన్ని చూచి ఉంటారు. 1901లో ఆంధ్రభాషానిలయంగా వెలసిన ఆ సంస్థ స్థాపకులలో ముఖ్యులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఆయన అక్కగారు భండారు అచ్చమాంబ. సాహిత్య చరిత్రలలో ఆమెను తరచు 'లక్ష్మణరావుగారి సోదరి' అనియే పరిచయం చేస్తారు. కాని నాగపురంలో తమ్మునికి చదువుకొనే నీడ దొరికినది ఆమె ఇంటిలోనే.

అచ్చమాంబ 1874లో నందిగామ ప్రాంతంలో జన్మించారు. ఆరవయేట తండ్రి గతించారు; పదవయేట వివాహమైంది. భర్త మాధవరావు మధ్యపరగణాలలో ఇంజనీరు. ఆమె బడికి వెళ్ళలేదు. తమ్ముడు చదువుకొనుచుండగా ఆయనతోపాటు తెలుగు, హిందీ, మరాఠీ, సంస్కృతాది భాషలు నేర్చారు. కన్న బిడ్డలిద్దరూ పసితనంలోనే మరణించారు. ఆ దుఃఖంలో ఆమె అనాథ బాలబాలికలను తన ఇంట చేర్చుకొని చదివించారు.

స్త్రీలు అవివేకులనీ, చదివితే చెడిపోతారనీ నాటి పండితులు సైతం వాదించేవారు. అచ్చమాంబ వాదానికి చరిత్రతో బదులిచ్చారు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అను పేర మన దేశ స్త్రీల జీవితచరిత్రలు రచించగా, 1901లో వీరేశలింగం పంతులుగారి చింతామణి ముద్రణాలయం నుండి మొదటి భాగం వెలువడింది. (సత్ + చరిత్ర = సచ్చరిత్ర; శ్చుత్వ సంధి.) 'అబల' అనగా బలము లేనిది. లోకం వాడే ఆ మాటనే శీర్షికలో ఉంచి, లోపల రాజ్యాలేలిన స్త్రీల కథలు చెప్పడం గమనింపదగినది.

గ్రంథరచనతో ఆమె తృప్తి చెందలేదు. చదువురాని స్త్రీకి పుస్తకం చేరేదెట్లు? 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజం నెలకొల్పారు. మరుసటి యేడు తెలుగునాట పర్యటించి, పలు పట్టణాలలో స్త్రీసమాజాలు ఏర్పడుటకు తోడ్పడ్డారు. పేరంటానికో, తీర్థానికో తప్ప కులస్త్రీ గడప దాటని రోజులవి. స్త్రీలు తమంత తాము సభ చేసికొని, తమ విషయాలు తామే చర్చించుకొనడం అప్పటికి కొత్త సంగతి. పురుష సంస్కర్తలు స్త్రీల కొరకు మాట్లాడారు. ఇక్కడ స్త్రీలే మాట్లాడారు. ఈ భేదం చిన్నది కాదు.

ఆ 1902లోనే ఆమె కథ 'ధనత్రయోదశి' హిందూసుందరి పత్రికలో అచ్చయింది. పేదరికంలో తప్పుదారి పట్టబోయిన భర్తను భార్య సరిదిద్దిన కథ అది. గురజాడవారి 'దిద్దుబాటు' 1910 నాటిది. తొలి తెలుగు కథ ఏదను చర్చలో ఈ తేదీలు మరువరాదు.

మధ్యపరగణాలలో ప్లేగు వ్యాపించినపుడు, అయినవారే రోగిని విడిచి పారిపోయేవారు. అచ్చమాంబ రోగులకు సేవ చేస్తూ తామే ఆ వ్యాధి పాలై, 1905 జనవరిలో బిలాసపురంలో మరణించారు. అప్పటికి ఆమె వయస్సు ముప్పది యేండ్లు. రత్నమాలను మూడు భాగాలుగా తీర్చవలెనని ఆమె సంకల్పం. విదేశ వనితలను గూర్చిన మూడవ భాగం అసంపూర్ణంగానే మిగిలింది.