మీ ఎంపీకి అర్జీ ఇచ్చే ముందు: తరచూ అడిగే ప్రశ్నలు

వానొస్తే చెరువయ్యే రైల్వే అండర్‌బ్రిడ్జి, సెల్ సిగ్నల్ అందని గూడెం, సిబ్బంది లేక తాళం పడిన బ్రాంచి పోస్టాఫీసు. ఇలాంటివి ఎంపీ చెవిన వేయడం పల్లెల్లో మామూలే. ఆయన ఊరికొస్తే శాలువా కప్పి, ఫొటో దిగి, చేతిలో వినతిపత్రం పెడతాం. ఆ కాగితం పీఏ బ్యాగులోకి వెళ్లాక ఏమవుతుందో మాత్రం చాలామందికి తెలియదు. పార్లమెంటులో ఎంపీకి ఉన్న హక్కులు, వాటికి ఉన్న హద్దులు, అర్జీదారులుగా మన వంతు పని ఏమిటో ఈ జవాబుల్లో చూడండి.

1. మా ఊరి సమస్య ఎంపీకి చెప్పాలా, ఎమ్మెల్యేకి చెప్పాలా?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో దీనికి జవాబుంది. రైల్వేలు, జాతీయ రహదారులు, తపాలా, టెలిఫోన్లు, బ్యాంకులు, విమానయానం కేంద్రానివి. పోలీసులు, ఆసుపత్రులు, భూమి, సాగునీరు, పంచాయతీలు రాష్ట్రానివి. విద్య, విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి.

చిక్కంతా కేంద్రం డబ్బిచ్చి రాష్ట్రం పని చేయించే పథకాల దగ్గర వస్తుంది. ఇంటింటికీ కుళాయి ఇస్తామంటూ 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్, 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, జాతీయ ఆరోగ్య మిషన్ ఈ కోవలోవే. మీ పీహెచ్‌సీలో డాక్టరు రావడం లేదంటే అది రాష్ట్రం చూసుకోవాలి. ఆరోగ్య మిషన్ కింద జిల్లాకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అన్నది ఎంపీ సభలో అడగగలరు. ఒకే సమస్యను రెండు ముక్కలు చేసి, ఎవరి ముక్క వారికివ్వడం మంచి పద్ధతి.

2. ఎంపీ చెబితే కలెక్టరు గానీ రైల్వే డీఆర్‌ఎం గానీ చేసి తీరాలా?

అక్కర్లేదు. అధికారులకు ఆదేశాలిచ్చే అధికారం ఎంపీకి లేదు. కానీ ఎంపీ రాసిన ఉత్తరాన్ని పక్కన పడేయడానికి కూడా వీల్లేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయ నిబంధనల ప్రకారం ఎంపీ లేఖ అందినట్టు 15 రోజుల్లో తెలపాలి, ఆ తర్వాత మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. అందుకే "మాట్లాడతానన్నారు" అని తిరిగి రాకుండా, లేఖ రాయమని అడగండి. దాని నకలు, తేదీ, నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

3. సభలో మా సమస్య లేవనెత్తడానికి ఎన్ని దారులున్నాయి?

పల్లె సమస్యలకు ఎక్కువగా వాడేవి మూడు.

*ప్రశ్నోత్తరాల సమయం.* లోక్‌సభలో ఇది ఉదయం 11కు మొదలవుతుంది, రాజ్యసభలో మధ్యాహ్నం 12కు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలూ అడగవచ్చు. లోక్‌సభలో ఇలాంటివి రోజుకు 20 మాత్రమే. గంట పూర్తయ్యేసరికి వాటిలో కొన్నే నోటి జవాబుకు వస్తాయి. నక్షత్రం లేనివి రోజుకు 230 దాకా ఉంటాయి, వాటికి రాతపూర్వక జవాబు వస్తుంది. నోటీసు కనీసం 15 రోజుల ముందే ఇవ్వాలి. ప్రశ్నలు ఎక్కువైతే ఏవి రావాలో లాటరీ తేలుస్తుంది.

*జీరో అవర్.* నియమావళిలో ఈ పేరే లేదు, ఆచారంగా నిలబడింది. అదే రోజు ఉదయం 10లోపు నోటీసిస్తే చాలు కాబట్టి నిన్న జరిగిన ప్రమాదాన్ని ఇవాళ ప్రస్తావించవచ్చు. అయితే మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలన్న నిర్బంధం లేదు.

*377వ నియమం.* ఇది లోక్‌సభది. సభ్యుడు వారానికి ఒక విషయాన్ని, ముందే రాసిచ్చిన చిన్న పాఠంగా సభ ముందుంచుతారు. సంబంధిత మంత్రి తర్వాత సభ్యుడికి ఉత్తరంతో జవాబు పంపుతారు. రాజ్యసభలో దీనికి సమానమైనది ప్రత్యేక ప్రస్తావన.

4. వీటిలో మా ఊరికి ఏది ఎక్కువ ఉపయోగం?

టీవీలో కనిపించేది జీరో అవర్. పని జరిపించేది చాలాసార్లు నక్షత్రం లేని ప్రశ్న. దానికి మంత్రి పేరు మీద, తేదీతో, లెక్కలతో కూడిన రాత జవాబు వస్తుంది. అది పార్లమెంటు రికార్డులో ఉండిపోతుంది, వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. సభలో తప్పుడు సమాచారం ఇస్తే ఇబ్బంది గనుక కింది అధికారులు కూడా ఆ జవాబు కోసం ఫైలు తెరవక తప్పదు.

ప్రశ్న పదును జవాబులో కనిపిస్తుంది. "మా ప్రాంత రైల్వే సమస్యలపై ప్రభుత్వం ఏం చేస్తోంది?" అంటే పథకాల పేర్ల చిట్టా వస్తుంది. దానికి బదులు ఇలా అడగమనండి:

(అ) ఫలానా రెండు స్టేషన్ల మధ్య, ఫలానా నంబరు లెవెల్ క్రాసింగ్ బదులు కట్టిన అండర్‌బ్రిడ్జిలో వర్షపు నీరు నిలిచి రాకపోకలు ఆగుతున్న సంగతి ప్రభుత్వానికి తెలుసా?
(ఆ) తెలిస్తే, గత మూడేళ్లలో ఎన్ని రోజులు దారి మూసుకుపోయింది, నీరు తోడటానికి ఎంత ఖర్చయింది?
(ఇ) శాశ్వత పరిష్కారానికి ప్రతిపాదన ఉందా? ఎప్పటికి పూర్తి చేస్తారు?

ప్రశ్న 150 పదాలు దాటకూడదు. ప్రధానంగా రాష్ట్ర పరిధిలోని విషయం గానీ, కోర్టు విచారణలో ఉన్న వ్యవహారం గానీ అయితే అనుమతించరు. ఒక మనిషి పింఛను, ఒకరి బదిలీ లాంటివి లేఖతో తేల్చుకోవాల్సినవే.

5. మా ఎంపీ కేంద్ర మంత్రి. ఇంకేం, పని సులువు కదా?

ఫైలు కదిలించడంలో సులువు కావచ్చు. కానీ మంత్రులు సభలో ప్రశ్నలు అడగరు, జవాబులిచ్చే వరుసలో ఉంటారు. 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో శ్రీకాకుళం, నరసాపురం, గుంటూరు, కరీంనగర్, సికింద్రాబాద్ ఎంపీలు చేరారు. అలాంటి నియోజకవర్గం వాళ్లు ప్రశ్న అడిగించాలంటే పక్క నియోజకవర్గం ఎంపీనో, రాజ్యసభ సభ్యులనో ఆశ్రయించాలి. ఆంధ్రప్రదేశ్‌కు 25 లోక్‌సభ, 11 రాజ్యసభ స్థానాలు, తెలంగాణకు 17, 7 ఉన్నాయి. మీ అర్జీ తీసుకోకూడదన్న నియమం వీరిలో ఎవరికీ లేదు.

6. మా ఎంపీకి హిందీ, ఇంగ్లీషు అంతగా రావు. తెలుగులో మాట్లాడొచ్చా?

నిరభ్యంతరంగా. 120వ అధికరణం ప్రకారం సభా కార్యకలాపాలు హిందీలో లేదా ఇంగ్లీషులో జరుగుతాయి. వాటిలో చెప్పుకోలేని సభ్యుడిని మాతృభాషలో మాట్లాడటానికి సభాధ్యక్షుడు అనుమతించవచ్చు. తెలుగు నుంచి అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటు లోక్‌సభలో ఉంది.

7. మంత్రి జవాబు వచ్చింది. దాన్ని ఎలా చదవాలి?

నిదానంగా, గ్రామసభలో పదిమంది ముందు చదవాలి. జవాబులో తరచూ కనిపించే మాటలు ఇవి:

"రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనిది": అర్జీ ఎమ్మెల్యేకి, కలెక్టరుకు ఇవ్వండి. మంత్రి జవాబు నకలును దానికి జతచేయండి.

"రద్దీ దృష్ట్యా ప్రస్తుతం సాధ్యం కాదు": మీ స్టేషన్‌లో రైలు ఆపమని అడిగితే వచ్చే జవాబు ఇలాంటిదే. ఎన్ని టిక్కెట్లు అమ్ముడైతే సాధ్యమవుతుందో తర్వాతి ప్రశ్నలో అడిగించండి.

"పరిశీలనలో ఉంది": దీన్ని చూసి నీరసపడకండి. ఇలాంటి మాటను పార్లమెంటు హామీగా లెక్కించే పద్ధతి ఉంది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. లేదా గడువు పెంచమని కోరాలి. దీన్ని చూడటానికే ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మూడు నెలలు దాటితే ఆ సంగతి ఎంపీకి గుర్తుచేయండి.

ఒక్క జవాబుతో పని అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. కొత్త రైల్వే జోన్ ఏర్పాటును ఆరు నెలల్లో పరిశీలించాలని 2014 విభజన చట్టంలోనే ఉంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో. ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో. చట్టంలో రాసుకున్నదానికే ఇన్నేళ్లు పట్టింది. కాబట్టి ప్రతి సమావేశంలోనూ అడిగించాల్సిందే.

8. ఎంపీ నిధులతో మా పని చేయించుకోవచ్చా?

1993 డిసెంబరులో మొదలైన ఈ పథకం కింద 2011-12 నుంచి ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు కేటాయిస్తున్నారు. డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పనిని సిఫార్సు చేస్తే జిల్లా యంత్రాంగం పరిశీలించి మంజూరు చేస్తుంది. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు వెళ్లాలి. తాగునీటి ట్యాంకు, బడి గది, లింకు రోడ్డు లాంటి పదిమందికీ పనికొచ్చే శాశ్వత కట్టడాలకు వాడవచ్చు. గుడికి, మసీదుకు, చర్చికి, సొంత ఇంటికి కుదరదు. ఒక లోక్‌సభ స్థానంలో సాధారణంగా ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలుంటాయి. వాటన్నిటికీ పంచితే ఊరికి ఎంతొస్తుందో మీరే లెక్క వేసుకోండి. పెద్ద పనికి శాఖ బడ్జెట్టే దిక్కు, దానికి దారి మళ్లీ సభలో ప్రశ్నే.

9. 'దిశ' కమిటీ అంటే ఏమిటి?

కేంద్ర పథకాల అమలును జిల్లా స్థాయిలో సమీక్షించడానికి 2016లో ఏర్పాటు చేసిన కమిటీ ఇది. లోక్‌సభ ఎంపీ అధ్యక్షత వహిస్తారు, కలెక్టరు సభ్య కార్యదర్శి. ఎమ్మెల్యేలు, ఎంపీపీలు సభ్యులు. మూడు నెలలకోసారి సమావేశం కావాలి. ఆగిపోయిన కుళాయి పథకం, సగంలో వదిలేసిన రోడ్డు లాంటివి ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. మీ ఎంపీపీ ద్వారా ఈ సమావేశంలో లేవనెత్తితే, సంబంధిత ఇంజినీరు అక్కడే ఉంటారు కాబట్టి సమాధానం చెప్పాల్సి వస్తుంది.

10. కేంద్రీయ విద్యాలయంలో సీటుకు సిఫార్సు లేఖ ఇస్తారా?

ఒకప్పుడు ఎంపీలకు అక్కడ కోటా ఉండేది. 2022లో తీసేశారు. ఆ లేఖ కోసం తిరగడం దండగ.

11. ఎంపీ పట్టించుకోకపోతే?

ప్రశ్న అడగమని ఎంపీని నిర్బంధించే హక్కు ఓటరుకు లేదు. పదవీకాలం మధ్యలో వెనక్కి పిలిచే పద్ధతీ మనకు లేదు. అయినా దారులున్నాయి. రెండు సభల్లోనూ పిటిషన్ల కమిటీలున్నాయి. నిర్ణీత నమూనాలో రాసి సంతకాలు చేసిన పిటిషన్‌ను ఏ సభ్యుడి ద్వారానైనా సమర్పించవచ్చు. ఎంపీ లేఖపై ఏం చర్య తీసుకున్నారని ఆ మంత్రిత్వ శాఖనే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమం ఎలాగూ ఉంది.

12. చివరిగా, అర్జీలో ఏం రాయాలి, ఎప్పుడివ్వాలి?

ఒక కాగితం మీద ఒకే సమస్య. ఊరు, మండలం, స్టేషను, గేటు నంబరు లేదా రోడ్డు పేరు. ఎప్పటి నుంచి, ఎంతమందికి ఇబ్బంది. ఇదివరకు ఎవరికి అర్జీ ఇచ్చారు, ఏ తేదీన, ఏం జవాబొచ్చింది. మీరు కోరేది ఒక్క వాక్యంలో. వెనక పంచాయతీ తీర్మానం, రెండు ఫొటోలు.

పార్లమెంటు బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాల్లో కూడుతుంది. నోటీసు గడువు 15 రోజులు కాబట్టి సమావేశాలు మొదలవడానికి నెల ముందే అర్జీ చేరాలి. ఎంపీ కార్యాలయంలో ముద్ర వేయించుకున్న నకలు తెచ్చుకోండి. సమావేశాలు మొదలయ్యాక ఫోన్ చేసి "మా ప్రశ్న ఏ తేదీకి వస్తోందండీ?" అని అడగండి.