పొరుగూరి వాడికి లైబ్రరీ కార్డు

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి ఓసారి పొద్దున్నే వెళ్లి చూడండి. గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్లు సంచి, నీళ్ల సీసా, టిఫిన్ బాక్సుతో కుర్చీ దొరుకుతుందో లేదోనని గబగబా వస్తుంటారు. చాలామందిది ఈ ఊరు కాదు, అశోక్‌నగర్ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటారు. కార్డు లేదని ఎవరూ దిగులుపడరు. మన పౌర గ్రంథాలయాల్లో కూర్చుని చదువుకోవడానికి రుసుము లేదు, మీదే ఊరని అడిగేవాళ్లూ లేరు. రిజిస్టరులో పేరు రాసి సంతకం పెడితే సరి.

పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటేనే తిప్పలు.

ముందు సభ్యత్వ దరఖాస్తు అడగాలి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, చాలాచోట్ల సెలవు. ఫారంలో పేరూ వృత్తీ చకచకా నింపేస్తాం. చిరునామా గడి దగ్గర కలం ఆగుతుంది. ఆధార్‌లో ఉన్నది సొంతూరు, ఉంటున్నది అద్దె గది. నేనూ ఒక పట్నంలో ఇక్కడే ఆగిపోయాను. "ఇంటిపన్ను కట్టేవాళ్ల చేత పూచీ సంతకం పెట్టించుకురా బాబూ, లేదంటే గెజిటెడ్ ఆఫీసరు చేత" అన్నాడు కౌంటర్లో ఆయన. మా ఇంటి ఓనరు అద్దె సంగతి తప్ప ఇంకో మాట మాట్లాడే మనిషి కాదు. చివరికి గవర్నమెంటు కాలేజీ లెక్చరరు ఒకాయన ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి గట్టెక్కించారు.

పన్ను కట్టేవాళ్ల మీద వాళ్లకంత గురి ఊరికే కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. అద్దెకున్నవాడు కూడా ఆ 8 పైసలు అద్దెలో కలిపి కడుతూనే ఉన్నాడు కదా అన్నది నా వాదన. కౌంటర్లో అది చెల్లలేదు.

పూచీ కుదిరాక డిపాజిట్ కట్టాలి. ఎన్ని పుస్తకాలు తీసుకెళ్తామన్నదాన్ని బట్టి మొత్తం మారుతుంది. ఇది ఫీజు కాదు, సభ్యత్వం వదులుకున్నప్పుడు తిరిగిస్తారు.

పూచీ ఎవరూ దొరక్కపోతే పండక్కి వెళ్లినప్పుడు సొంతూరి శాఖా గ్రంథాలయంలో కార్డు తీసుకోండి, అక్కడ పూచీ ఇచ్చేవాళ్లకు కొదవుండదు. పాత తెలుగు పుస్తకాలైతే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసినవి బోలెడున్నాయి. డాలస్‌లో ఉన్నవాళ్లైనా సరే, చిరునామా అడగరు.

ఊరు మారేటప్పుడు పుస్తకాలు, కార్డు, డిపాజిట్ రసీదు మూడూ పట్టుకెళ్లాలి. రసీదుకు ఆ రోజే ఫోనులో ఫొటో తీసిపెట్టుకోండి. నా కాలంలో ఆ సౌకర్యం లేదు. చదువుతున్న పేజీ గుర్తుకోసం రసీదును పుస్తకంలో పెట్టి, అలాగే తిరిగిచ్చేశాను. వారం తర్వాత వెళ్లి అడిగితే ఆ పుస్తకం ఇంకెవరో తీసుకెళ్లారన్నారు.