పుస్తకం మూసి చూడండి

సీఎఫ్‌ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) పరీక్షలో తప్పినవాళ్లు తెలివి తక్కువై తప్పారంటే నేను నమ్మను. తెలుసనుకున్నది తెలియకపోవడమే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది.

మొదటి లెవెల్‌లో 180 ప్రశ్నలుంటాయి. రెండు విడతలు, ఒక్కో విడతకు 2 గంటల 15 నిమిషాలు. ప్రశ్నకు 90 సెకన్లు దక్కుతాయి. బాండ్ డ్యూరేషన్ లెక్కను పుస్తకంలో చూసి తలూపినవారెవరో, తెల్లకాగితం మీద చేసి చూసినవారెవరో ఆ 90 సెకన్లే తేల్చేస్తాయి. 2021 జులైలో ఈ లెవెల్ దాటినవాళ్లు నూటికి 22 మందే.

లెవెల్‌కు 300 గంటలైనా చదవాలని సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూటే చెబుతుంది. ఆరు నెలలకు పంచుకుంటే వారానికి సుమారు 12 గంటలు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఇంత సమయం తీయడం కష్టమే. అలా తీసిన సమయమంతా వీడియోలు చూడడానికీ, రంగురంగుల గీతలు గీయడానికీ పోతే బాధేస్తుంది. అందులో మూడో వంతైనా లెక్కలకూ మాక్ టెస్టులకూ ఉంచండి.

తప్పుల కోసం ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. సరైన జవాబు ఎక్కించి ఊరుకోవద్దు, తప్పు ఎందుకొచ్చిందో రాయండి. విషయం తెలియకా? ప్రశ్న సరిగా చదవకా? క్యాలిక్యులేటర్ వల్లా? టీఐ బీఏ టూ ప్లస్‌లో బిగిన్ మోడ్ మార్చడం మరిచిపోతే యాన్యుటీ విలువ తప్పుగా వస్తుంది. ఆ తప్పు అంకె కూడా ఆప్షన్లలో ఉండొచ్చు, మీరు ధీమాగా దాన్నే నొక్కుతారు. 'అజాగ్రత్త' అని ఒక్క మాట రాసుకుంటే ఇవేవీ దొరకవు.

ఎథిక్స్‌ను ఆఖరి వారానికి నెట్టేవాళ్లు చాలామంది. మొదటి లెవెల్‌లో దాని వాటా 15 నుంచి 20 శాతం. పనితీరు మెచ్చి క్లయింట్ కానుక ఇస్తే ఏం చేయాలి? మంచితనాన్ని నమ్ముకుని జవాబు పెడితే చాలదు. యాజమాన్యానికి తెలియజేయాలన్న నియమం తెలిసుండాలి. రేపు పరాయివాళ్ల కష్టార్జితాన్ని చూసుకోబోయే మనిషికి ఇంతకంటే ముఖ్యమైన పాఠం లేదని నా అభిప్రాయం.

మూడు లెవెళ్లూ దాటినా చార్టర్ వెంటనే చేతికి రాదు. కనీసం 36 నెలల్లో 4,000 గంటల సంబంధిత అనుభవం చూపించాలి. ఇంత దూరం నడవాల్సినవారు మొదట్లోనే తమ అసలు స్థాయి తెలుసుకోవడం మంచిది. సిలబస్ పూర్తయ్యేదాకా ఆగకండి. ఈ ఆదివారమే ఫోన్ పక్క గదిలో పెట్టి, గడియారం చూసుకుంటూ, చదివినంతవరకు మాక్ టెస్టు ఒక విడత రాయండి. వచ్చిన మార్కులు ఉన్నవి ఉన్నట్టు నోట్‌బుక్ మొదటి పేజీలో వేసుకోండి.