తుంగగడ్డియు త్రవ్వని తోటయు

తోటపని యనగానే మనవారు ముందుగా పలుగును పారను చేత బట్టుదురు. నేలను తిరుగవేసినకొలది కలుపు నశించునని వారి నమ్మకము. విత్తనమువలన మొలచి, పూచి, ఆ యేటనే చచ్చెడు మొక్కల విషయమున నిది కొంతవఱకు నిజమే. తుంగ, గరికల విషయమున మాత్రము ఈ లెక్క తలక్రిందగును. అది యెట్లో విద్యార్థులును, పెరడుగల తలిదండ్రులును గ్రహింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఒక తుంగమొక్కను మట్టి చెదరకుండ మెల్లగా పెల్లగించి చూడుడు. అడుగున నల్లని చిన్న గడ్డ యుండును. దానినుండి దారమువంటి కాడ బయలుదేఱి మఱియొక గడ్డను, అందుండి వేఱొకదానిని కలుపుచు జపమాలవలె సాగిపోవును. వైద్యులు తుంగముస్తలనునవి యీ గడ్డలే. ప్రతి గడ్డకును అనేకాంకురములు కలవు. అయినను గొలుసు తెగనంతకాలము కొనయందలి గడ్డ మొలచి, తక్కినవానిని చాలవఱకు నిద్రావస్థయందే యుంచును. పార తగిలి గొలుసు పది తునుకలైనచో ప్రతి తునుకయు స్వతంత్రించి మొలచును. త్రవ్వినవాడే నాటినవాడగును! 1977 లో హోల్మ్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రపంచమందలి కలుపుమొక్కలనుగూర్చి ప్రకటించిన గ్రంథమున తుంగకే ప్రథమస్థాన మిచ్చిరి. గరికయు నిట్టిదే, తెగిన కాడలో ఒక్క కణుపున్నను చాలును, మఱల వేరూనును.

మండువేసవిలో మెట్టపొలము దున్ని గడ్డలను ఎండకు మాడ్చు రైతుల పద్ధతిని మేము కాదనము. అది మంచిదే. కాని దినదినము నీరు పోయు కూరగాయల మడిలో ఆ యుపాయము చెల్లదు.

మఱి చేయవలసిన దేమి? ఆకులు వెలుతురున వండిన యాహారము గడ్డలలో నిలువయగును. ఆ గాదెను మఱల నిండనీయక ఖాళీ చేయించుటయే ఉపాయము. తొలకరికి నేల తడిసిన పిమ్మట కలుపును కొడవలితో నేలమట్టముగా కోసి, అక్కడనే పఱచి వేయవలెను. మందమైన అట్టపెట్టెలను విప్పి, అంటుకాగితములును ఇనుపముక్కలును తీసి, ఒకదాని యంచుపై నొకటి జానెడు ఎక్కునట్లు కప్పవలెను. వానిని బాగుగ తడిపి, చివికిన పశువులయెఱువును ఆఱంగుళముల మందమున పోసి, పైన ఎండుటాకులు పఱచవలెను. తడి యాఱనీయరాదు, ఆఱినచో చెదలు పట్టును. అట్టకు బదులు పలుచని ప్లాస్టికు పఱచినచో తుంగ తన సూదిమొనతో దానిని పొడుచుకొని వచ్చును. ఈ మడిలో మొదట గుమ్మడి వేయుట మేలు. దాని వెడల్పాకుల నీడ తుంగకును గరికకును గిట్టదు. చిలగడదుంపయు నేలను చక్కగా కప్పును గాని, దుంపలకొఱకు మఱల త్రవ్వవలసివచ్చును గదా!

గరిక ప్రక్కలనుండి ప్రాకి వచ్చును గావున మడిచుట్టును ఒక యడుగు వెడల్పున నేలను కప్పియే యుంచి, లోనికి చొచ్చు తీగలను వారమున కొకసారి కోయవలెను.

ఇంత చేసినను తుంగ అక్కడక్కడ తల యెత్తును. త్రవ్వని తోట యనగా పనిలేని తోట యని తలచువారు ఇచ్చట నిరాశ చెందుదురు. మొలక ఐదాఱు ఆకులు వేయకముందే దానిని లాగివేయవలెను. ఆలస్యమైనచో క్రొత్త గడ్డలు కట్ట నారంభించును. వానకాలమున రెండువారముల కొకసారి యీ పని తప్పదు. లాగినప్పుడు గడ్డ లోననే యుండిపోయినను చింతింపనక్కఱలేదు. మఱల మొలచుటకు తన నిలువనే వ్యయపఱచుకొనును. ఊడివచ్చిన గడ్డలను ఎఱువుకుప్పలో వేయక, బండపై పూర్తిగా ఎండబెట్టవలెను.

ఒక్క సంవత్సరములో ఇది తీఱునది కాదు. తొమ్మిదవ తరగతివారు మొదలిడిన మడిని వారి తరువాతివారు శుభ్రముగా చూచెదరు. అంతకంటె పెద్ద చిక్కు దసరా సెలవులు. అవి తుంగ బలిసెడు కాలముననే వచ్చును. అప్పుడు తోట విడిచినచో ఆషాఢమునుండి చేసిన శ్రమ యంతయు గడ్డలలోనికి పోవును. కావున సెలవులకు ముందే, పాఠశాలకు సమీపమున నివసించు బాలబాలికల పేళ్లతో వంతులపట్టిక వ్రాసి తోటగుమ్మమున కట్టవలెను. మనిషికి అరగంట చాలును. తలిదండ్రులు ఆ యరగంటకు వారిని పంపుదురుగాక.