మిడుతూరు చేలలో ఒక దినము

వానలు వెనుకబట్టి చలి యింకను రాని నడిమి దినములు రాయలసీమలో మిక్కిలి చక్కనివి. ఆశ్వయుజమాసము వచ్చుసరికి ఆకాశము కడిగినట్లుండును. నల్లరేగడి నేల తడి యారక మెత్తగా నుండును. తొలకరిలో విత్తిన మొక్కజొన్న మనిషి తలను మించి పెరిగి నిలుచును. కొర్ర కోతకు వచ్చును. కోసిన చేలను రైతులు మరల దున్ని జొన్నకును, శనగకును సిద్ధపఱచుచుందురు. ఒక పంట యింటికి వచ్చుటయు, వేఱొక పంట నేలలోనికి పోవుటయు ఒక్క వారములోనే చూడవలెనన్న ఇంతకు మించిన సమయము లేదు. పాఠశాలలకు దసరా సెలవులు కూడ అప్పుడే వచ్చును గదా!

మిడుతూరు నంద్యాల జిల్లాలో ఒక మండల కేంద్రము. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా యేర్పడు వఱకు ఇది కర్నూలు జిల్లాలో నుండెను. తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల. ఈ రెండు కొండల వరుసల నడుమ చాపవలె పఱచిన నల్లనేల యిది. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరు కర్నూలు-కడప కాలువ ఈ ప్రాంతపు జీవనాడి. పందొమ్మిదవ శతాబ్దిలో ఒక ఆంగ్ల కంపెనీ లాభముకై దానిని త్రవ్వించెను. ఆ లాభము రాలేదు. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. కంపెనీకి నష్టమైనను కాలువ రైతుకు మిగిలినది. మిడుతూరు అను పేరు వినగానే పిల్లలకు మిడుత జ్ఞప్తికి వచ్చును. ఆ మిడుతను గూర్చి ముందు ముందు చెప్పవలసియున్నది.

గత దసరా సెలవులలో మేము పెద్దలము, పిల్లలము కలిసి ఎనమండుగురము అచ్చటి మా మేనమామగారి పొలమునకు పోయితిమి. ఊరి బయట బాట విడిచి గట్టు మీద నడక మొదలిడగానే పిల్లల మాటలు ఆగిపోయెను. వారు ఇంతవఱకు మొక్కజొన్నను బండి మీద కాల్చిన కంకిగానే యెఱుగుదురు. ఇప్పుడది ఒక పచ్చని గోడవలె ఎదుట నిలిచినది. గాలి వీచినప్పుడెల్ల వేల ఆకులు ఒకదానితో నొకటి ఒరసికొని గలగలమనుచుండెను. చేను చుట్టును పాతచీరలు కట్టియుండుట చూచి మా పెద్దమ్మాయి, "తాతా, ఇచ్చట పెండ్లి జరిగినదా?" అని యడిగెను. మామగారు నవ్వి, "అడవిపందులకు వేసిన పందిరి, తల్లీ! రంగుచీర గాలికి కదలిన మనిషియనుకొని వెనుకకు తిరుగును. నాలుగు దినములు తిరుగును, అయిదవ దినము అదియు తెలిసికొనును" అనెను.

పెద్దలము చెట్టునీడను సామాను దింపుచుండగా పెద్దమ్మాయియు, ఆమె పినతల్లి కొడుకును దాగుడుమూతలాడుచు చేనిలోనికి దూరిరి. కొంతసేపు నవ్వులు వినబడెను. పిమ్మట "అమ్మా!" అను కేక. ఆ కేక యొకసారి కుడివైపు నుండియు, మఱియొకసారి ఎడమవైపు నుండియు వచ్చినట్లుండెను. చేను నాలుగెకరములే. కాని అందులో నిలిచినవానికి ఏ ప్రక్క చూచినను ఒకే ఆకు, ఒకే కాండము, ఒకే నీడ. ఎండ నడినెత్తిన నుండుటచే తూర్పు పడమరలు తెలియవు. భయపడినవాడు ఒకచోట నిలువడు. ఈ సాలు నుండి ఆ సాలునకు అడ్డముగా తోసికొని పోవును. అందువలన తిరిగినచోటనే తిరుగును. పిల్లల తల్లి చేనిలోనికి పరుగెత్తబోగా మామగారు చేయి అడ్డుపెట్టి ఆపెను. ఆయన మంచె యెక్కి రెండు చేతులు నోటివద్ద చేర్చి, "ఎక్కడివారక్కడ నిలువుడు! సాలు దాటవద్దు. ఏ సాలులో నున్నారో ఆ సాలే పట్టుకొని తిన్నగా నడువుడు. ఎటువైపైనను సరే!" అని కేకవేసెను.

కొలది నిమిషములలో వారిద్దఱు ఆవలిగట్టున బయటపడిరి. ఆకుల అంచులు గీసికొని చేతులు ఎఱ్ఱబడెను. అంతకు మించిన కష్టమేమియు లేదు. తరువాత మామగారు వారిని చేరబిలిచి చెప్పిన మాట యిది. రైతు విత్తనమును చల్లివేయడు, సాళ్లుగా వేయును. ప్రతి సాలునకును ఒక మొదలు, ఒక తుద తప్పక ఉండును. రెండును గట్టునకే చేరును. కనుక సాలు విడువనివాడు చేనిలో తప్పిపోవుట సాధ్యము కాదు.

విద్యార్థులారా, ఈ తప్పిపోవుటనే వేడుకగా మార్చి జీవించు రైతులు కూడ లోకములో కలరు. అమెరికా దేశములో సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మొక్కజొన్న చేలను చిక్కుదారులుగా మలచి, ప్రవేశమునకు రుసుము పుచ్చుకొని, కుటుంబములను లోనికి పంపుదురు. పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఆన్‌విల్ అను ఊరిలో 1993లో డాన్ ఫ్రాంట్జ్ అను నతడు వేయించిన చిక్కుదారి ఈ వేడుకకు ఆదియని చెప్పుదురు. పైనుండి చూచిన అది ఒక రాక్షసబల్లి ఆకారమున నుండెనట. ఆ యేటనే మిసిసిపీ నదికి గొప్ప వఱదలు వచ్చి రైతులు నష్టపడగా, వారి సాయమునకును దాని వలన ధనము కూర్చిరి. ఇప్పుడు అచ్చట నివసించు మన తెలుగు కుటుంబములును శరత్కాలమున పిల్లలను వెంటబెట్టుకొని ఇట్టి పొలములకు పోవుచున్నవి. గడ్డిబండి యెక్కి తిరుగుట, తీగ నుండి గుమ్మడికాయను తామే కోసికొనుట, చిక్కుదారిలో తప్పిపోయి నవ్వుకొనుచు బయటపడుట అచ్చటి వినోదములు.

ఆ చేనును సిద్ధపఱచు విధము వినదగినది. మొదట విత్తనమును నిలువుగా నొకసారి, అడ్డముగా నొకసారి వేయుదురు. అందువలన సాళ్లు చెదరి పైరు దట్టమైన గోడవలె అల్లుకొనును. మొక్కలు మోకాలెత్తు లేనప్పుడే ముందుగా గీసికొన్న పటమును బట్టి దారులను కోసివేయుదురు. మన రైతు తప్పిపోకుండ నుండుటకు పెట్టిన సాలునే వారు మొదట చెఱుపుదురన్నమాట! ఇట్టి దారిలో చిక్కినవానికి ఒక ఉపాయము కలదు. లోనికి పోవునప్పుడే కుడిచేతిని కుడిగోడకు ఆనించి, ఎచ్చటను తీయక నడచిన, గోడలన్నియు వెలిగోడతో కలిసియున్నంతవఱకు, ఆలస్యమైనను వాకిలి చేరుదుము. నడుమ ఏ గోడకును అంటక ద్వీపమువలె విడిగా నిలిచిన భాగముండి, మనము దానిని పట్టుకొంటిమా, దాని చుట్టునే తిరుగుచుందుము. అభిమన్యునికి పద్మవ్యూహము చొచ్చుట తెలిసి వెలువడుట తెలియదను కథ విన్నప్పుడెల్ల మా చిన్నవాడు ఈ కుడిచేతి ఉపాయమును గుర్తుచేయును. యుద్ధములో గోడలు కదలునని వానికి చెప్పి చూచితిని, వాడు ఒప్పుకొనలేదు.

మధ్యాహ్నము జొన్నరొట్టె, ఊరిబిండి, కొర్రన్నము. ఆపైన నిప్పుల మీద కాల్చిన లేతకంకులు. కంకి పొట్టు ఒలుచునప్పుడు జడకుచ్చువంటి పీచు చేతికి తగులును. దానిని మనము విసుగుతో పీకి పాఱవేయుదుము గాని, అందులోని ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. మొక్కజొన్నకు మగపూవు కొనయందును, ఆడపూవు నడుమనుండు కంకియందును వేఱువేఱుగా నుండును. కొన నుండి రాలిన పుప్పొడి గాలిలో తేలివచ్చి పీచు పోగుమీద వ్రాలవలెను. ఏ పోగునకు పుప్పొడి అందదో ఆ గింజ కట్టదు. కంకిలో అచ్చటచ్చట పండ్లూడిన నోటివలె ఖాళీలు కనబడుట కిదియే కారణము. పెరటిలో ఒంటరిగా నాటిన మొక్కకు నిండుకంకి రాకపోవుటయు ఇందుకే. కంకిమీది గింజల వరుసలను పిల్లలచే లెక్కింపజేసితిమి. ఒకనికి పదునాలుగు, ఒకనికి పదునాఱు. బేసిసంఖ్య ఎవ్వరికిని రాలేదు. వరుసలు జంటలుగా పుట్టుటచే సాధారణముగా అట్లే యుండును.

ఇంతచేసియు మొక్కజొన్న మన దేశపు పంట కాదు. దాని పుట్టినిల్లు మెక్సికో. అచ్చటి ప్రజలు సుమారు తొమ్మిదివేల యేండ్లకు పూర్వము ఒక అడవిగడ్డిని సాకి దానిని పంటగా చేసికొనిరి. కొలంబసు యాత్రల పిమ్మటనే అది సముద్రము దాటి మన వైపునకు వచ్చినది. జొన్నయు ఆఫ్రికా నుండి వచ్చినదే గాని, వేలయేండ్లుగా మన యింటనుండి మన బిడ్డయైపోయినది. నంద్యాలలో 1906లో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనా స్థానము ఈ నల్లనేలకు తగిన జొన్న, కొర్ర, శనగ, ప్రత్తి రకములను రూపొందించుచు వచ్చినది. మేము తిన్న కొర్రయు అచ్చట పుట్టిన 'సూర్యనంది' రకమే. డెబ్బదియైదు, ఎనుబది దినములలో పంట చేతికి వచ్చును. వాన నమ్మరాని చోట ఆ తొందర ఎంత విలువైనదో రైతునడిగిన చెప్పును.

ప్రొద్దు వాలుచుండగా పిల్లలు మంచె యెక్కిరి. నాలుగు గుంజల మీద కఱ్ఱలు పఱచి, పైన కప్పు వేసిన చిన్న అటక అది. పగలు చిలుకలు, పిచ్చుకలు; వానికి వడిసెల చాలును. రాత్రులు పందులు, వానికి కేక, డబ్బాచప్పుడు, చేతిదీపము. కాని మిడుతూరు వైపు రైతుకు మూడవ అతిథి కూడ కలదు. అది కృష్ణజింక.

ఈ మండలములోనే రోళ్లపాడు అను ఊరున్నది. అచ్చటి పచ్చికబయలును 1988లో ప్రభుత్వము వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించెను. దాని విస్తీర్ణము 614 హెక్టారులు. 'అరణ్య' మన్న మాట విని పెద్ద చెట్లను వెదకరాదు. అదంతయు మోకాలిలోతు గడ్డి. ఆ గడ్డిని కాపాడినది జింకకొఱకు గాదు, బట్టమేక పక్షికొఱకు. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో అది యొకటి. మగపక్షి మీటరెత్తు పెరుగును. పదునైదు కిలోల వఱకు తూగును. గూడు కట్టదు. సాధారణముగా ఏడాది కొక్క గ్రుడ్డే, అదియు వట్టినేల మీద పెట్టును. దాని ఆహారములో ముఖ్యమైనవి మిడుతలు, పురుగులు. కనుక అది రైతునకు జీతము లేని కావలికాడు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ దీనినే మన జాతీయపక్షిగా చేయవలెనని కోరెను. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది.

అభయారణ్యము ఏర్పడిన తొలిదినములలో రోళ్లపాడు బట్టమేకపక్షులకు దేశమున పేరొందిన నెలవు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు అచ్చట నిలిచి వానిని పరిశీలించిరి. తరువాత అవి తగ్గుచు వచ్చెను. చుట్టునున్న బీళ్లు దున్నబడెను. మెట్టపైరులుండిన చోట నీటిపైరులు వచ్చెను. ఆ పక్షి కన్నులు ప్రక్కలకు చూచునే గాని ఎదురుగానున్నదానిని చక్కగా చూడవు; అందుచే విద్యుత్తు తీగలకు తగిలి చచ్చును. ఊరకుక్కలు గ్రుడ్లను విడువవు. ఇప్పుడు దేశమంతట కలిపి అవి రెండువందలకు లోపే. వానిలో పెక్కు రాజస్థానము నందున్నవి. రోళ్లపాటిలో బట్టమేకను చూచితిమని చెప్పువారు మిక్కిలి అరుదు. దానికై కాపాడిన గడ్డిలో జింకలు మాత్రము వృద్ధిపొందినవి.

జింకకు అభయారణ్యపు సరిహద్దు తెలియదు. లేతజొన్న, శనగమొలక దానికి గడ్డికంటె రుచి. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని కాపాడుచున్నది; దానిని కొట్టరాదు, పట్టరాదు. అట్లుండుట న్యాయమే. కాని ఒక్కరాత్రిలో మొలకపోయిన రైతు మరల విత్తనము కొనవలెను; అదను దాటిన ఆ విత్తనమును వ్యర్థమే. నగరమునుండి వచ్చి జింకను చూచి ఆనందించువారము మనము. దాని మేతకు వెల చెల్లించువాడు అతడు. ఆ వెల అతనికి వెంటనే, పూర్తిగా తిరిగి ముట్టవలెనని నా యభిప్రాయము.

"తాతా, జింకలన్నియు పోయిన నీకు మేలు కదా?" అని పెద్దమ్మాయి అడిగెను. మామగారు కంబళి దులుపుచు కొంతసేపు పలుకలేదు. "నా చిన్ననాడు బట్టమేక మా చేని గట్టుననే తిరుగునది. ఇదిగో, నీ నడుము దాటి యుండునది. అది పోవునని మేమెవ్వరమును అనుకొనలేదు. పోయినది. దానితో నా పంట ఒక బస్తా పెరిగినదా? మిడుత మాత్రము మిగిలినది. జింకను పొమ్మనను, నా చేను విడువుమందును, అంతే" అనెను.

చీకటి పడెను. ఆయన మంచె మీద కూర్చుండి చేతిదీపమును నెమ్మదిగా చుట్టు త్రిప్పెను. మొక్కజొన్న కావల, క్రొత్తగా విత్తిన జొన్నచేని అంచున, జంటలు జంటలుగా చిన్న వెలుగులు మెఱసెను. జింకల కన్నులవి. ఆయన కేకవేయుటకు నోటివద్ద చేతులు చేర్చెను. "తాతా, ఒక్క నిమిషము" అని పెద్దమ్మాయి వేలుచూపి లెక్కించుట మొదలిడెను. పదునొకండు జంటల వఱకు లెక్కించుసరికి ఆయన కేకవేసెను; వెలుగులన్నియు ఒక్కసారిగా గాలిలోనికి ఎగసి మాయమయ్యెను.