మిద్యానులో గడచిన 40 యేండ్లు

సేవకు పిలుపు పొందియు తలుపు తెరువబడక కనిపెట్టుచున్నప్పుడు మన దినములు వ్యర్థమగుచున్నవని దుఃఖపడుదుము. మోషేను చూడుడి. 40 యేండ్ల ప్రాయమున అతడు తొందరపడి ఐగుప్తీయుని చంపి, తన జనులను విడిపింపలేక పారిపోయెను. తరువాత 40 యేండ్లు మిద్యానులో గొఱ్ఱెలను కాచెను. ఆ మందయు తనది కాదు, మామయైన యిత్రోది. ఆ మందను తోలుకొని పోయిన హోరేబు కొండయొద్దనే దేవుడు పొదలోనుండి అతని పిలిచెను. ఆ కొండయొద్దకే అతడు పిమ్మట ఇశ్రాయేలీయులను నడిపించెను. గొఱ్ఱెలయొద్ద నేర్చిన ఓర్పు, సణుగు జనులయొద్ద అక్కరకు వచ్చెను.

ఆలస్యమైనంత మాత్రమున దేవుడు మనలను మరచెనని తలంపకుందము. కలుపు తీయుచున్నను, పశువులను కాయుచున్నను, నేటి పనిని నమ్మకముగా చేయుదము. ఆయన పిలుచు దినమున మనమును మన మందయొద్దనే కనబడుదుము గాక.