క్వార్టర్ మీద రెండు సోలార్ ప్యానెళ్లు

మందమర్రిలో డిగ్రీ, బీటెక్ పూర్తిచేసిన వాళ్లలో చాలామంది రెండు దారులే చూస్తారు. ఒకటి, సింగరేణి బొగ్గు గనుల్లో నాన్న చేసే ఉద్యోగం తమకు వస్తుందని ఎదురుచూడటం. రెండోది, కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లడం. మొదటి దారి ఇరుకైపోయింది. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులుండేవాళ్లు, ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బాయి (గని) మీద ఆశ వదులుకోమని చెప్పను. కానీ ఆ బాయి చుట్టూ ఉన్న సమస్యల్లో ఒకదాన్ని చదువుకునే రోజుల్లోనే పట్టుకోండి. పరిశోధనకైనా, సొంత వ్యాపారానికైనా అంతకంటే మంచి మొదలు నాకు కనిపించలేదు.

సింగరేణి మందమర్రిలో 28 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టింది. బొగ్గు లారీలు తిరిగే ఊళ్లో ప్యానెళ్ల మీద దుమ్ము ఎంత పేరుకుంటుంది? దానివల్ల కరెంటు ఎంత తగ్గుతుంది? ఎన్ని రోజులకోసారి కడిగితే గిట్టుబాటవుతుంది? ఈ లెక్క మీరుండే కంపెనీ క్వార్టర్ మీదే తేల్చవచ్చు. ఒకే రకం చిన్న ప్యానెళ్లు రెండు తెచ్చి, ఒకే దిక్కుకు, ఒకే వాలులో బిగించండి. మొదటి వారం రెండింటినీ శుభ్రంగా ఉంచి, వాటి మధ్య మామూలుగానే ఉండే తేడా రాసుకోండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, ఆ తర్వాత లెక్కంతా తప్పుతుంది. అక్కడి నుంచి ఒకదాన్ని రోజూ తుడవండి, రెండోదాన్ని ముట్టుకోవద్దు. మధ్యాహ్నం ఒకే వేళకు మల్టీమీటరుతో రెండింటి షార్ట్ సర్క్యూట్ కరెంటు కొలవండి. ఎండ హెచ్చినా తగ్గినా రెండింటికీ ఒకటే కాబట్టి, ఆ రెండు అంకెల నిష్పత్తిలో దుమ్ము ప్రభావం విడిగా తేలుతుంది. ఎండాకాలంలో మొదలుపెట్టి చలికాలం దాకా రాసిన ఆ నోట్‌బుక్కుకు, హైదరాబాద్ అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనే ఫైనలియర్ ప్రాజెక్టు ఏ రకంగానూ సాటిరాదు. ఇంటర్వ్యూలో ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు మీ దగ్గరే ఉంటుంది.

మైనింగ్ చదివేవాళ్లకైతే గని పైకప్పు కదలికలు, బొగ్గు తనంతట తాను వేడెక్కి అంటుకోవడం, జైపూర్ 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం బూడిద, ఓపెన్ కాస్ట్ గనుల మట్టి గుట్టల నుంచి ఇసుక తీయడం, ఇలా అంశాలకు కొదవ లేదు. బాయిలోకో ప్లాంటులోకో వెళ్లాలంటే కాలేజీ నుంచి లెటర్ తీసుకుని సింగరేణి ఏరియా జీఎం కార్యాలయంలో అనుమతి అడగండి. మంథని జేఎన్టీయూ కాలేజీలో, కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన సంస్థలో ఈ విషయాలు తెలిసిన అధ్యాపకులు ఉంటారు. సైన్స్ విద్యార్థులు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలి. ఎంపికైతే వేసవిలో రెండు నెలలు ఒక శాస్త్రవేత్త ల్యాబులో, స్టైపెండుతో పనిచేయవచ్చు.

కొలతల నుంచి వస్తువు పుట్టొచ్చు, ఉదాహరణకు తక్కువ నీళ్లతో ప్యానెల్ తుడిచే పరికరం. నమూనా చేయించుకోవడానికి హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది, పక్కనే టీ-హబ్. అమ్మాయిలకు 2018 నుంచి వీ-హబ్ ప్రత్యేకంగా పనిచేస్తోంది. కేంద్రం నిధి-ప్రయాస్ పథకం నమూనా తయారీకి 10 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తుంది. డబ్బు కంటే ఓపిక ముఖ్యమని, ఆసు యంత్రం చేసిన చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం పని చెబుతుంది. నేతకు ముందు చేత్తో నూలు ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి పడుతున్న భుజం నొప్పి చూడలేక 1992లో ఆ పని చేసే యంత్రం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన బడి మధ్యలోనే మానేసినవాడు.

పరికరం పనిచేస్తోందనగానే ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాలనిపిస్తుంది. కొంచెం ఆగండి. నలుగురికీ చూపించాక పేటెంటు దక్కడం కష్టమవుతుంది. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. అప్పటి నుంచి 12 నెలల్లోగా పూర్తి వివరాలు దాఖలు చేయాలి.